హెచ్చరిక ఎక్కడ ఆగిపోయింది?

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాము. మా నాన్నగారికి 66 ఏళ్లు, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. ఏడు నెలల క్రితం ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వస్తే ఇంటి దగ్గర ఒక ఆసుపత్రిలో లెవోఫ్లాక్సాసిన్ 500 మిల్లీగ్రాముల మాత్రలు, ఆయాసానికి ప్రెడ్నిసలోన్ మాత్రలు అయిదు రోజులకు రాశారు. మందుల షాపువారు స్ట్రిప్పు కత్తిరించి అయిదేసి మాత్రలు ఇచ్చారు. నాలుగో రోజున మడమ వెనుక లాగుతోందని నాన్నగారు నాకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. వయసు నొప్పులనుకున్నాము. దగ్గు పూర్తిగా తగ్గలేదని ఆయనే పాత చీటీ చూపించి అవే మాత్రలు మరో అయిదు రోజులకు తెచ్చుకున్నారు. తొమ్మిదో రోజున సింహాచలం మెట్లు ఎక్కుతుండగా ఎడమ మడమ వెనుక ఫట్‌మని శబ్దం వచ్చి కూలబడిపోయారు. ఆపరేషన్‌కు లక్షా ఎనభై వేలు ఖర్చయింది. ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేరు. ఈ మందు వల్ల ఇలా జరగవచ్చుననీ, ఇది కొత్త సంగతి కాదనీ ఎముకల డాక్టరుగారు తరువాత చెప్పారు. కంపెనీ మాత్రం మాకు ఎక్కడా చెప్పలేదు. కంపెనీ మీద కేసు వేయవచ్చా? గ్యాస్ లీకైనప్పుడు తప్పు ఎవరిదని చూడకుండా డబ్బు కట్టించినట్టే ఇక్కడా కట్టిస్తారని మా బంధువొకరు అంటున్నారు. మా తమ్ముడు పరవాడలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు, కేసు వేస్తే వాడికి ఇబ్బంది అవుతుందేమోనని అమ్మ భయపడుతోంది. — ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్లాంటులో నిలబడి పనిచేసిన మనిషి అయిదు రోజుల దగ్గు మందుతో కర్ర పట్టుకోవలసి రావడం ఆ ఇంటికి ఎంత బాధో ఊహించగలను. అందుకే మీకు నచ్చే మాట కాక, మీకు పనికివచ్చే మాట చెబుతాను. కేసు వేయవచ్చు. అయితే “కంపెనీ మాకు చెప్పలేదు” అన్న ఒక్క మాట మీద నిలబెడితే ఆ కేసు ఓడిపోయే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందు విషయంలో కంపెనీ నేరుగా రోగికే చెప్పి తీరాలని మన చట్టం అనడం లేదు. డాక్టరుకు చెప్పిందా లేదా అని అడుగుతుంది. మీ కేసు అంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది కాబట్టి హెచ్చరిక కంపెనీ నుంచి బయలుదేరి మీ నాన్నగారి చెవిదాకా రావలసిన దారిలో ఏ మలుపు దగ్గర ఆగిపోయిందో ముందు కనిపెట్టాలి.

మొదట వైద్యపరమైన సంగతి. లెవోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ ఫ్లోరోక్వినలోన్లు అనే ఒకే కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్‌లు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే పట్టీని వైద్యులు అకిలిస్ టెండాన్ అంటారు, మనవాళ్లు మడమ నరం అంటారు. ఈ మందులు కొందరిలో దానిని వాచేలా చేసి, తెగిపోయే స్థితికి తీసుకువస్తాయి. మందు మొదలుపెట్టిన కొద్ది గంటల్లోనే ఇలా జరగవచ్చు, ఆపేసిన నెలల తరువాత కూడా జరగవచ్చు. ప్రమాదం ఎవరికి ఎక్కువ అన్నది కూడా తెలిసిన విషయమే: 60 ఏళ్లు దాటినవారికి, ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్లు కలిపి వాడేవారికి, మూత్రపిండం, గుండె, ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవారికి. మీ నాన్నగారు ఇందులో మొదటి రెండు వర్గాలలోనూ ఉన్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ ప్రమాదం గురించి ఈ మందుల సమాచార పత్రంలో అన్నిటికంటే పైన, గడి కట్టి హెచ్చరిక ముద్రించాలని 2008 జులైలో ఆదేశించింది. ఐరోపా ఔషధ సంస్థ 2018లో మరో అడుగు వేసి, చిన్నపాటి ఇన్ఫెక్షన్లకు వీటిని వాడవద్దనీ, టెండాన్ నొప్పి కనిపించగానే మందు ఆపేయాలనీ చెప్పింది. కాబట్టి మీ ఎముకల డాక్టరుగారు “కొత్త సంగతి కాదు” అన్నది అక్షరాలా నిజం, మీ కేసుకు అదే బలం కూడా. ఆ ప్రమాదం మాకు తెలియదని ఇవాళ లెవోఫ్లాక్సాసిన్ అమ్మే ఏ కంపెనీ కూడా అనజాలదు.

మీ బంధువు చెప్పిన పోలిక గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే విశాఖలో ఉన్నవారికి ఆ పోలిక సహజంగానే తడుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడిన మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమన్నది. ప్రమాదకరమైన పదార్థంతో వ్యాపారం చేసేవారు, జాగ్రత్త తీసుకున్నా తీసుకోకపోయినా, దానివల్ల కలిగిన హానికి పూర్తి బాధ్యత వహించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు ఢిల్లీ ఓలియం వాయువు కేసులో 1986లోనే చెప్పింది. అయితే ఆ రాత్రి నిద్రలో ఉన్న వెంకటాపురం ప్రజలు ఆ ఆవిరిని కోరి పీల్చలేదు, దానివల్ల వారికి కలిగే మేలూ లేదు. మందు సంగతి వేరు. దుష్ప్రభావం లేని మందు లేదు. న్యుమోనియాతో ప్రాణం మీదికి వచ్చినవారిని లెవోఫ్లాక్సాసిన్ కాపాడుతుంది కూడా. అందుకని మందు హాని చేసినంత మాత్రాన తయారీదారు చెల్లించాలని చట్టం అనదు. తెలిసిన హాని గురించి చెప్పవలసినవారికి చెప్పవలసిన విధంగా చెప్పావా అని అడుగుతుంది. ఈ తేడా మీకు అన్యాయంగా తోచవచ్చు. నాకు కూడా ఇందులో కొంత అసంతృప్తి ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అమలులోకి వచ్చింది 2020 జులైలో. వస్తువు వల్ల కలిగిన హానికి తయారీదారు బాధ్యత అనే విడి అధ్యాయం అందులోనే మొదటిసారిగా వచ్చింది. సెక్షన్ 84 ప్రకారం తయారీలో లోపం ఉన్నా, రూపకల్పనలో లోపం ఉన్నా, హాని జరగకుండా సరిగ్గా వాడే పద్ధతి గురించి తగినన్ని సూచనలు గానీ, తప్పుగా వాడితే ఏమవుతుందన్న హెచ్చరిక గానీ వస్తువుతోపాటు లేకపోయినా తయారీదారు బాధ్యుడవుతాడు. ఇక్కడ హాని అన్న మాటలో శరీర గాయం, అనారోగ్యం, దానివల్ల కలిగిన మనోవేదన కూడా చేరతాయి. మీ నాన్నగారు మింగిన మాత్రలో తయారీ లోపం ఉందని మీరు అనడం లేదు, అనవలసిన అవసరమూ లేదు. ఆ మాత్ర పూర్తిగా నాణ్యమైనదే కావచ్చు. లోపం మాటలో ఉంది, చెప్పకపోవడంలో ఉంది. కాబట్టి మిగిలిన మాత్రలను ప్రయోగశాల పరీక్షకు పంపమని ఎవరైనా సలహా ఇస్తే దానికి డబ్బు ఖర్చు పెట్టకండి.

సెక్షన్ 84 చదివి సంతోషించేవారు సెక్షన్ 87 దగ్గర ఆగిపోతారు. హెచ్చరిక ఇవ్వలేదన్న ఆరోపణ మీద వేసిన కేసులో, ఆ వస్తువు చట్టప్రకారం నిపుణుల చేతుల మీదుగా లేదా నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడవలసినదై ఉండి, ఆ నిపుణులకు హెచ్చరిక అందించడానికి తయారీదారు సహేతుకమైన ఏర్పాట్లు చేసి ఉంటే, అతను బాధ్యుడు కాడని ఆ సెక్షన్ చెబుతుంది. లెవోఫ్లాక్సాసిన్ సరిగ్గా అటువంటి మందే. దానిని ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో చేర్చారు, 2014 మార్చి నుంచి దానికి మామూలు చీటీ మందులకంటే గట్టి నిబంధనలున్నాయి. కాబట్టి కంపెనీ న్యాయవాది లేచి చెప్పే మొదటి వాదన ఇదే: “మేము డాక్టర్లకు ఇచ్చే సమాచార పత్రంలో టెండాన్ గురించి రాశాము, రోగికి చెప్పవలసినది డాక్టరు.” ఆ పత్రం నిజంగా అలా ఉంటే, వైద్యులకు అది అందే ఏర్పాటు ఉంటే, కంపెనీ మీద మీ కేసు చాలావరకు అక్కడితో బలహీనపడుతుంది. ఆ పత్రంలో టెండాన్ ప్రస్తావన లేకపోయినా, ఎక్కడో చివర “అరుదుగా కీళ్ల నొప్పులు” అన్నంత మాత్రమే ఉండి వయసు గురించి, స్టెరాయిడ్ల గురించి, నొప్పి రాగానే ఆపేయాలన్న దాని గురించి లేకపోయినా, సెక్షన్ 87 ఆ కంపెనీని కాపాడకూడదని నా దృఢమైన అభిప్రాయం. అమెరికాలో గడి కట్టి ముద్రించే విషయాన్ని ఇక్కడి డాక్టరుకు చెప్పకపోవడం సహేతుకమైన ఏర్పాటు ఎలా అవుతుంది?

స్ట్రిప్పు మీద ఎర్ర గీతల గడిలో ముద్రించిన హెచ్చరికను కూడా కంపెనీ చూపించవచ్చు. వైద్యుల సలహా లేకుండా ఈ మందు వాడటం ప్రమాదకరమనీ, చీటీ లేకుండా అమ్మరాదనీ అందులో ఉంటుంది. హెచ్1 మందులన్నిటి మీదా ఉండే సాధారణ వాక్యం అది. మడమ గురించి అందులో ఒక్క ముక్కా ఉండదు. దానిని టెండాన్ హెచ్చరికగా మీ కేసు వినే వినియోగదారుల కమిషన్ తీసుకోనవసరం లేదని మీ తరఫున గట్టిగా వాదించవచ్చు.

దాచడం అన్న మాటను మనం కొంచెం జాగ్రత్తగా వాడాలి. అమ్మే రోజుకు ఎవరికీ తెలియని ప్రమాదం గురించి చెప్పలేదని ఏ కంపెనీనీ తప్పుపట్టలేము. తెలిసీ చెప్పకపోవడమే దాచడం. అలా దాచినవారికి ఇతర దేశాల్లో ఏమైందో మీకు తెలియడం మంచిది. మధుమేహానికి వాడిన రోసిగ్లిటజోన్ గుండెకు చేటు చేస్తుందన్న సమాచారాన్ని నియంత్రణ సంస్థకు నివేదించనందుకు, మరికొన్ని నేరాలతో కలిపి, గ్లాక్సో స్మిత్‌క్లైన్ 2012లో అమెరికాలో నేరం ఒప్పుకుని మొత్తం 300 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ మందును మన దేశం 2010లోనే నిషేధించింది. ఫ్రాన్స్‌లో సెర్వియే కంపెనీ మీడియాటర్ అనే మందును 1976 నుంచి 2009 వరకు అమ్మింది. దానివల్ల గుండె కవాటాలు పాడవుతున్నాయని ఇరెన్ ఫ్రాషోన్ అనే ఊపిరితిత్తుల వైద్యురాలు ఒంటరిగా పట్టుబట్టి బయటపెట్టారు. 2021 మార్చిలో పారిస్ కోర్టు ఆ కంపెనీని మోసం, నిర్లక్ష్యం వల్ల ప్రాణాలు పోగొట్టడం అనే నేరాల కింద దోషిగా తేల్చింది. ఒక వైద్యురాలు తన రోగుల కేస్ షీట్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటంతో మొదలైన పని అది. మీ ఎముకల డాక్టరుగారు చెప్పిన ఆ ఒక్క వాక్యాన్ని కాగితం మీద పెట్టించడం ఎందుకు ముఖ్యమో ఈ ఉదంతం వల్ల మీకు అర్థమవుతుంది.

ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన మందు, ప్రభుత్వం ఆమోదించిన పత్రం, ఇక మా బాధ్యత ఏముంది అని కూడా కంపెనీ అనవచ్చు. అమెరికా సుప్రీంకోర్టు 2009లో వైయెత్ కంపెనీ కేసులో ఈ వాదనను తోసిపుచ్చింది. వాంతుల మందును ఇంజెక్షన్‌గా ఇస్తే ధమనిలో చేరి చేతిని కోల్పోయిన డయానా లెవీన్ అనే సంగీత కళాకారిణి వేసిన కేసు అది. హెచ్చరికను ఎప్పటికప్పుడు సరిచూసుకోవలసిన బాధ్యత తయారీదారుదేననీ, ఆమోదం దానికి కవచం కాదనీ మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. అది మన కోర్టులను కట్టిపడేసే తీర్పు కాదు, ఆలోచనకు తోడ్పడేది మాత్రమే. మన వినియోగదారుల చట్టంలోనే సెక్షన్ 100 ఉన్నది. ఇతర చట్టాల కింద ఉన్న హక్కులకు, బాధ్యతలకు అదనంగానే ఈ చట్టం పనిచేస్తుందని అది చెబుతుంది. పైగా కొత్త మందుల విషయంలో తీవ్రమైన, ఊహించని దుష్ప్రభావం తెలిసిన 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు నివేదించాలని మన నిబంధనలే అంటాయి. మందు మార్కెట్లోకి రావడంతో కంపెనీ బాధ్యత ముగియదన్న భావం వాటిలోనే ఉన్నది.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన విషయానికి వస్తాను. హెచ్చరిక లేదన్న కేసులో రెండు మెట్లు ఎక్కాలి. హెచ్చరిక లేదని చూపించడం మొదటి మెట్టు. హెచ్చరిక ఉండి ఉంటే హాని తప్పేదని చూపించడం రెండోది, చాలా కేసులు జారిపోయేది దాని మీదనే. “చెప్పి ఉన్నా ఆయన మందు మింగేవారే కదా, ఇన్ఫెక్షన్ తగ్గాలి కదా” అని ఎదుటివారు అంటారు. మీ నాన్నగారు నాలుగో రోజున పెట్టిన ఆ వాయిస్ మెసేజ్ ఈ ప్రశ్నకు జవాబు. టెండాన్ నొప్పి రాగానే మందు ఆపి డాక్టరును కలవాలన్న ఒక్క వాక్యం ఆ ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే, నాలుగో రోజునే ఆ మాత్రలు ఆగిపోయేవి, తొమ్మిదో రోజున ఆయన మెట్లెక్కేవారు కారు. నొప్పి మొదలైన తేదీ, గంట, ఆయన సొంత గొంతుతో సహా ఆ మెసేజ్‌లో ఉన్నాయి. ఆ ఫోనును మార్చకండి, ఆ సంభాషణను చెరపకండి. మెసేజ్‌ను మరో చోట భద్రం చేసి, కమిషన్ ముందు పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం జతచేయించండి. సింహాచలం మెట్లు ఎక్కడం వల్లనే తెగిందన్న వాదన తప్పకుండా వస్తుంది. మెట్లెక్కడానికి అయిదు రోజుల ముందే నొప్పి మొదలైందని ఆ మెసేజ్ చెబుతుంది.

రెండోసారి పాత చీటీతో తెచ్చుకున్న మాత్రల సంగతి మీరు దాచకుండా రాశారు. కమిషన్‌లో కూడా అలాగే రాయండి. చీటీ మీద అమ్మవలసిన మందును డాక్టరు రాయకుండానే వేసుకుని, దాని ప్రభావంలో ఉండి వస్తువు వాడినవారికి తయారీదారు బాధ్యుడు కాడన్న మినహాయింపు కూడా సెక్షన్ 87లోనే ఉంది, కంపెనీ దానిని ఎత్తుకోవచ్చు. నొప్పి మొదలైంది డాక్టరు రాసిన అయిదు రోజుల్లోనే అన్నది దానికి మీ జవాబు. ఒకసారి మందు ఇచ్చిన చీటీ మీద, మళ్లీ ఇవ్వవచ్చునని డాక్టరు రాయనిదే, రెండోసారి ఇవ్వకూడదని ఔషధ నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఆ షాపు కూడా తప్పు చేసింది. దగ్గు తగ్గకపోతే పాత చీటీ పట్టుకుని వెళ్లే అలవాటు మన ఇళ్లన్నిటిలోనూ ఉన్నది, మీ నాన్నగారిని దీనికి నిందించకండి. కాని ఈ కారణంగా పరిహారం కొంత తగ్గే అవకాశానికి సిద్ధంగా ఉండండి.

కాగితాల సంగతి. షాపు బిల్లులు లేకపోతే కంగారు పడకండి. హెచ్1 మందు అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం విడి రిజిస్టరులో రాసి, దానిని మూడేళ్లు ఉంచాలి. ఏడు నెలలే అయింది కాబట్టి ఆ రిజిస్టరు ఉండి తీరాలి. మొదటి అమ్మకం, రెండో అమ్మకం రెండూ అందులో ఉంటే మీకు కొనుగోలు రుజువు దొరికినట్టే. రెండోది లేకపోతే అది షాపుకు చిక్కు తెచ్చే విషయం. కత్తిరించిన స్ట్రిప్పు ముక్క ఇంట్లో ఏ మూలనైనా దొరుకుతుందేమో వెతకండి. దాని మీద బ్యాచ్ నంబరు ఉంటే మంచిది. బ్యాచ్ నంబరు ఒక చివరనే ముద్రించి ఉంటుంది కాబట్టి కత్తిరించిన ముక్కల్లో అది తరచూ పోతుంది. పెట్టెలో పెట్టిన సమాచార పత్రం కూడా షాపులోనే ఉండిపోతుంది. కంపెనీ ఎంత వివరంగా రాసినా మన దేశంలో ఆ కాగితం రోగి చేతికి రాకపోవడానికి ఈ కత్తెరే పెద్ద కారణం. ఇందాక చెప్పిన నా అసంతృప్తి ఇదే: రోగి భాషలో, రోగి చేతికి అందే నాలుగు వాక్యాల కాగితాన్ని ప్రతి అమ్మకంతోనూ తప్పనిసరి చేయకుండా, డాక్టరుకు చెప్పాను కదా అంటే సరిపోతుందని చట్టం ఒప్పుకోవడం, ఒక్కొక్క రోగికి రెండు నిమిషాలు కూడా దొరకని మన ఆసుపత్రులను చూసి రాసిన నిబంధనలా లేదు.

స్ట్రిప్పు మీద రెండు పేర్లు ఉండవచ్చు. ఒకరు తయారుచేస్తారు, మరొకరు తమ పేరుతో అమ్ముతారు. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఇతరులు తయారుచేసిన వస్తువు మీద తన గుర్తు వేసుకున్నవారు కూడా వినియోగదారుల చట్టం దృష్టిలో తయారీదారే. తమ పేరుతో మార్కెట్ చేసేవారు కూడా మందు నాణ్యతకు, నిబంధనల పాటింపుకు తయారీదారుతో సమానంగా బాధ్యులని 2021 మార్చి నుంచి ఔషధ నిబంధనలు సైతం చెబుతున్నాయి.

కంపెనీ డాక్టర్లకు ఏమి చెప్పిందో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి సమాచార హక్కు చట్టం. నిర్ణీత రుసుముతో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థకు, ఆ కర్మాగారం ఉన్న రాష్ట్రపు లైసెన్సింగ్ అధికారికి విడివిడిగా దరఖాస్తు పెట్టి, ఈ బ్రాండుకు సంబంధించి తమ వద్ద ఉన్న సమాచార పత్రం ప్రతిని, దానిలో టెండాన్ హెచ్చరికను చేర్చిన తేదీని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వ్యాపార రహస్యమని నిరాకరిస్తే, విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నప్పుడు ఇవ్వవచ్చునని ఆ చట్టమే అంటుందని గుర్తుచేస్తూ అప్పీలు చేయండి. రెండో దారి కమిషన్‌లో కేసు వేసిన తరువాత తెరుచుకుంటుంది. పత్రాలు హాజరుపరచమని ఆదేశించే సివిల్ కోర్టు అధికారం వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది. డాక్టర్లకు పంచిన ప్రచార సామగ్రిని, ఈ మందు గురించి అందిన టెండాన్ ఫిర్యాదుల నివేదికలను తెప్పించమని పిటిషన్ వేయండి. ప్రచార సామగ్రిలో ఈ మందు పూర్తిగా సురక్షితమనో, దుష్ప్రభావాలు లేవనో ఉంటే అది మీకు పెద్ద ఆయుధం. అలాంటి మాట అనకూడదని కేంద్రం 2024 మార్చిలో తెచ్చిన మందుల ప్రచార నియమావళి స్పష్టంగా చెబుతోంది.

మందు రాసిన డాక్టరుగారి విషయంలో తొందరపడి నిర్ణయానికి రావద్దు. కంపెనీ పత్రంలో హెచ్చరిక స్పష్టంగా ఉన్నదని తేలితే ప్రశ్న తప్పనిసరిగా ఆయన వైపు తిరుగుతుంది: 66 ఏళ్ల మనిషికి, స్టెరాయిడ్‌తో కలిపి రాస్తూ, నొప్పి వస్తే ఆపమని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ప్రతి వైద్య కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కరలేదని హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2010లో అన్నది కూడా. అయినా మీ కేసులో మందుకూ గాయానికీ సంబంధం చెప్పడానికి నిపుణుడి మాట లేకుండా ముందుకు పోవద్దు. మీ ఎముకల డాక్టరుగారిని కలిసి, వయసు, స్టెరాయిడ్, మందు వాడిన రోజులు, నొప్పి మొదలైన రోజు, ఆపరేషన్‌లో టెండాన్ ఏ స్థితిలో కనిపించిందీ, మధుమేహం, కీళ్లవాతం వంటి ఇతర కారణాలు ఉన్నదీ లేనిదీ రాసిన అభిప్రాయాన్ని లిఖితపూర్వకంగా అడగండి. రెండు ఆసుపత్రుల రికార్డుల కోసం కూడా రాతపూర్వకంగా కోరండి. కోరిన 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల వృత్తి నియమాల్లో ఉన్నది.

కేసు విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు ఉన్న చోట వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. ఏ స్థాయి కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాక, వస్తువుకు, సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషనే. ఆ మొత్తం 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. డాక్టరుగారు కారణం చెప్పిన రోజు నుంచి కాకుండా, టెండాన్ తెగిన రోజు నుంచే లెక్క వేసుకోండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా దాని మీద ఆశ పెట్టుకోవద్దు. న్యాయవాది తప్పనిసరి కాదు గాని, ఈ కేసుకు మాత్రం వైద్య కేసులు నడిపిన న్యాయవాదిని పెట్టుకోండి.

ఇంకో పని ఈ వారంలోనే చేయండి. దానివల్ల మీకు పైసా రాదు, అయినా చేయమని అడుగుతున్నాను. మందుల దుష్ప్రభావాలను గమనించే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిని చూస్తుంది. మందుల దుష్ప్రభావాలను డాక్టర్లే కాదు, రోగులు కూడా దానికి నివేదించవచ్చు. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేయవచ్చు, తెలుగులో ఫారం కూడా ఉంది. ఆ నివేదిక ఎవరి తప్పునూ తేల్చదు కాబట్టి కోర్టులో అదొక్కటే రుజువుగా పనికిరాదు. కాని ఇలాంటి నివేదికలు కూడితేనే సమాచార పత్రాలు మారతాయి. “మాకు ఇలాంటి ఫిర్యాదులు రాలేదు” అని ఏ కంపెనీ అయినా అనగలిగేది మనం చెప్పనప్పుడే.

మీ తమ్ముడి గురించి మీ అమ్మగారికి చెప్పండి: మీరు వేసేది నష్టపరిహారం కేసు. మాత్రలను కష్టపడి తయారుచేసే కార్మికుల పనితనం మీద కాక, కంపెనీ చెప్పిన మాట మీద, చెప్పని మాట మీద వేసే కేసు. స్ట్రిప్పు మీద ఉన్నది మీ తమ్ముడి కంపెనీ పేరు కాకపోతే ఈ కేసుకూ అతనికీ ఏ సంబంధమూ లేదు. ఒకవేళ అదే కంపెనీ అయితే, లోపలి కాగితం ఒక్కటి కూడా అతనిచేత తెప్పించకండి, కేసు విషయాలు అతనితో చర్చించకండి. కావలసిన కాగితాలు కమిషన్ ఆదేశంతోనే రావాలి.

ఈలోగా మీ నాన్నగారి వైద్యపు ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో “ఫ్లోరోక్వినలోన్ యాంటీబయాటిక్‌లు వాడరాదు, మడమ టెండాన్ తెగింది” అని రాసి, ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఆ పేజీ చూపించండి.